ఆకు తిప్పి చూశాకే

కార్తీక మాసం. పొద్దున ఏడింటికి సత్తెనపల్లిలో గుంటూరు రోడ్డు మీదున్న ఈ పురుగుమందుల కొట్టు షట్టరు సగమే లేచింది. మెట్ల మీద అప్పటికే నలుగురు కూర్చుని ఉన్నారు. మీరు తల వంచి లోపలికి అడుగు పెట్టగానే మందుల ఘాటు గొంతులోకి దిగుతుంది. మూడు వైపులా పైకప్పు దాకా అరలు, వాటి నిండా సీసాలు. ప్రతి సీసా మీదా ఒక మూల వాలుగా నిలబెట్టిన చదరం, దాని కింది సగంలో రంగు. ఎరుపైతే అత్యంత విషం. ఆ తర్వాత వరసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. కొట్టాయన ఎరుపు, పసుపు గుర్తులవన్నీ బల్లకు దూరంగా, చిన్నపిల్లల చెయ్యి అందని ఎత్తులో సర్దుకున్నాడు.

బండి దిగిన ముప్పై ఏళ్ల కుర్రాడు సరాసరి బల్ల దగ్గరికి వస్తాడు. చేతిలో పాలిథిన్ కవరు, అందులో మిరప కొమ్మలు. ఫోన్ తెరిచి ఒక సీసా ఫొటో చూపిస్తాడు.

"బాబాయ్, ఇది అర్ధలీటరు ఇయ్యి. మా పక్క చేలో ముడతకి కొట్టారు, రెండ్రోజుల్లో చిగురు విప్పుకుంది. నాక్కూడా ముడతొచ్చింది."

ఆ సీసా కొట్టాయన వెనక అరలోనే ఉంది. మీక్కూడా కనిపిస్తోంది. చెయ్యి చాపితే అందుతుంది, బిల్లు రాస్తే బేరం అయిపోతుంది. ఆయన మాత్రం అటు తిరగడు. కవరులోంచి కొమ్మ తీసి వెలుతురులోకి పట్టుకుంటాడు. చిగురాకును వేళ్ల మధ్య తిప్పుతాడు. గల్లాపెట్టెలోంచి చిన్న భూతద్దం తీసి ఆకు అడుగున ఈనె పక్కగా పెట్టి, కన్ను దానికి ఆనించి చూస్తాడు. తర్వాత భూతద్దాన్ని మీ చేతికిస్తాడు. మొదట మీకు పచ్చటి మసక తప్ప ఏమీ కనిపించదు. చెయ్యి కుదురుకున్నాక ఈనె వెంట గాజుముక్కల్లాంటి చుక్కలు కదలడం తెలుస్తుంది.

"పక్క చేలో ముడత పైకా, కిందకా?"

కుర్రాడు తడబడతాడు. "ముడతే బాబాయ్."

"చూడు. ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయితే అది పై ముడత, తామర పురుగు పని. నీ ఆకు దోనె తిరగేసినట్టుంది, అంచులు కిందికి దిగినయ్. కాడ చూశావా ఎంత సాగిందో? ఇది కింది ముడత. నల్లి. నువ్వడిగింది ఫిప్రోనిల్. తామర పురుగుకైతే పనిచేస్తది గానీ నల్లికి చెయ్యదు. కొట్టినా డబ్బులు పోతయ్, వారం పోద్ది, ఈలోగా చిగుళ్లన్నీ మాడిపోతయ్."

కుర్రాడు ఫోన్ జేబులో పెట్టుకుంటాడు. ఆయన ఇంకా అరవైపు తిరగలేదు.

"పోయినసారి ఏం కొట్టావ్?"

"కాయతొలుచు పురుగని లాండా కొట్టా. రెండుసార్లు."

"అదీ సంగతి."

ఈ 'అదీ సంగతి' వెనక పెద్ద కథే ఉంది. లాండా అని కుర్రాడు అంటున్నది లాంబ్డా సైహలోత్రిన్‌ని. సింథటిక్ పైరెత్రాయిడ్ల కుటుంబం. పురుగును పడగొట్టడంలో వేగం ఎక్కువ కాబట్టి రైతు కంటికి వెంటనే ఫలితం కనిపిస్తుంది. అయితే నల్లిని తిని బతికే మేలు చేసే జీవులు కూడా దానితో చచ్చిపోతాయి. అడ్డు లేకపోవడంతో నల్లి పెరిగిపోతుంది. పురుగుకు కొట్టిన మందే నల్లిని పిలిచింది. ఆకును చూస్తే నల్లి ఉందని తెలుస్తుంది, అది ఎందుకొచ్చిందో మాత్రం ఆ ప్రశ్న వేస్తేనే బయటపడుతుంది.

చివరికి అరలోంచి దిగింది నీళ్లలో కరిగే గంధకం పొడి. "లీటరుకు మూడు గ్రాములు. ఎకరానికి రెండొందల లీటర్ల నీళ్లు, అంటే ఆరొందల గ్రాములు. నాజిల్ పైకి తిప్పి ఆకు అడుగు తడిసేటట్టు కొట్టు. ఎండ తగ్గాక కొట్టు, మిట్టమధ్యాహ్నం వద్దు. ఇప్పుడు మొదట్లోనే ఉంది కాబట్టి ఇది చాలు. ఐదో రోజు మళ్లీ రెండు కొమ్మలు తీసుకురా. తగ్గకపోతే అప్పుడు స్పైరోమెసిఫెన్ సంగతి చూద్దాం." కుర్రాడు తెచ్చుకున్న డబ్బులో చాలా భాగం జేబులోనే మిగిలింది. బిల్లు అందుకుంటూ, ఈసారి తనంతట తానే ఆకును తిప్పి చూసుకుంటున్నాడు.

అమ్మకం నేర్పిస్తామనే చోట చాలామంది మాటకారితనం నేర్పిస్తారు. ఎదుటివాడు 'వద్దు' అనకుండా ఎలా మలుపు తిప్పాలి, బేరం ఎలా ముగించాలి అని. ఈ బల్ల దగ్గర కాసేపు నిలబడితే ఆ పాఠాల్లో ఏది లేదో తెలుస్తుంది. ఇక్కడ కొనేవాడికి సరుకు మంచిచెడులు బేరమాడే వేళ తెలియవు. చీరైతే పట్టి చూడొచ్చు, బియ్యమైతే నోట్లో వేసుకోవచ్చు. మందు సంగతి వారం తర్వాత చేలో తేలుతుంది, అప్పటికి డబ్బూ అదనూ రెండూ పోయి ఉంటాయి. అందుకే ఇలాంటి వ్యాపారంలో తెలివిడి అమ్మేవాడికి అలంకారం కాదని, అతను కొనేవాడికి చెల్లించాల్సిన బాకీ అని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ బాకీ ఎగ్గొడితే ఏమవుతుందో ఈ ప్రాంతానికి తెలుసు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. పైరెత్రాయిడ్లు విపరీతంగా కొట్టడం దానికి ఒక ముఖ్య కారణమని తర్వాత శాస్త్రవేత్తలు తేల్చారు. ప్రకాశం జిల్లాలో అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పదేళ్లకు, 1997-98లో, వరంగల్ పత్తి చేలల్లో లద్దె పురుగు అదే పని చేసింది. రెండుచోట్లా కొట్ల నిండా మందులున్నాయి. మందు మీద మందు అమ్ముడయింది. ఏది ఎందుకు కొడుతున్నామో చెప్పగలిగిన మనిషే కరువయ్యాడు. పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊళ్లో మందులు అమ్మేవాడే అప్పిచ్చేవాడు, పంట కొనేవాడు కూడా. చివరికి ఆ ఊరు రసాయన మందులనే వదిలేసింది, కొట్టుతో పనిలేకుండా చేసుకుంది. సలహా, అప్పు, సరుకు ఒకే చేతిలో ఉండి, ఆ చేతికి పంట గురించి తెలియకపోతే, కొనేవాడికి ఆ దారి తప్ప మరొకటి కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఎనిమిదయ్యేసరికి కొట్టు నిండింది. మీరు ఓ పక్కకు, యూరియా బస్తాల దగ్గరికి జరుగుతారు. నలభై దాటిన ఒకామె, కౌలుకు ఎకరన్నర పత్తి వేసింది, సంచిలోంచి మూడు ఖాళీ సీసాలు తీసి బల్ల మీద వరసగా పెడుతుంది. ఆకులు కూడా తెచ్చింది. వేలికి జిగటగా అంటుకుంటున్నాయి, పైన నల్లటి మసి.

"అన్నా, మూడుసార్లు మార్చి మార్చి కొట్టా. మూడూ వేరే కంపెనీలే. దోమ ఇసుమంతైనా తగ్గలా. మందులే కల్తీయా, నా రాతే ఇట్టాగుందా?"

ఆ మూడు సీసాలూ ఈ కొట్లో కొన్నవి కావు. ఆ మాట ఎత్తి పక్క కొట్టువాణ్ని నాలుగు మాటలనడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. కొట్టాయన అనడు. సీసాలను ఒక్కొక్కటే తిప్పి, పెద్దక్షరాల పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు పేరు మీద వేలు పెడతాడు. ఒకటి ఇమిడాక్లోప్రిడ్, రెండోది థయామిథాక్సామ్, మూడోది ఎసిటామిప్రిడ్.

"అమ్మా, మందులు కల్తీ కాకపోవచ్చు. పేర్లు మూడు, కంపెనీలు మూడు, కానీ ఇంటిపేరు ఒకటే."

గోడకు అతికించిన పట్టిక దగ్గరికి ఆమెను పిలుస్తాడు. పురుగు ఒంట్లో మందు ఏ చోట పనిచేస్తుందో దాన్నిబట్టి మందులను విడదీసి నంబర్లిచ్చిన అంతర్జాతీయ పట్టిక అది. ఈ మూడూ 4ఎ. మూడుసార్లూ పురుగులో తట్టింది ఒకే తలుపు. మొదటిసారి చావకుండా మిగిలిన దోమలకు ఆ మందును తట్టుకునే శక్తి ఉంది, వాటి పిల్లలకూ అదే వచ్చింది. అదే కుటుంబంలోని మందు మళ్లీ మళ్లీ కొడితే, మందుకు లొంగని దోమను ఏరికోరి పెంచినట్టే అవుతుంది. ఆయన ఇవన్నీ ఆమెకు ఈ మాటల్లో చెప్పలేదు. "చావాల్సినయ్యి మొదటిసారే చచ్చినయ్. ఇప్పుడున్నయ్యి ఆ మందుకు మొండికేసినయ్" అన్నాడు. ఆమెకు అర్థమయింది. మందుల కూలీ తానే చేసే మనిషి, దోమ తెల్లగా లేవడం కళ్లారా చూసింది.

డయాఫెంథియురాన్ పొట్లం బల్ల మీద పెట్టి, దాని మీద మార్కరుతో '12' అని రాస్తాడు. లీటరుకు గ్రాముంబావు. తోడుగా వేపనూనె, పసుపు జిగురు అట్టలు. "దీని తర్వాత మళ్లీ దోమ కనిపిస్తే 12 ఉన్నదీ, 4 ఉన్నదీ రెండూ వద్దను. నా దగ్గరే కాదు, ఎక్కడ కొన్నా సరే. నంబరడుగు."

ఆ చివరి మాట మీద మీరు ఆగిపోతారు. తన దగ్గరే కొనాలని కట్టడి చేసే వ్యాపారి ఈ మాట చెప్పడు. చెప్పినందువల్ల ఆమె ఇంకో కొట్టుకు వెళ్లినా మోసపోదు. వెళ్లదని నా నమ్మకం. తెలిసినదాన్ని దాచుకుంటేనే గిరాకీ నిలుస్తుందనుకునేవాళ్లు వ్యవసాయంలోనే కాదు, బీమాలోనూ కంప్యూటర్ల అమ్మకంలోనూ చాలామంది ఉన్నారు. కొనేవాడికి కాస్త తెలిస్తే, ఎవరికి తెలుసో ఎవరికి తెలియదో పోల్చుకోవడం కూడా అతనికి వస్తుంది. తెలిసిన వ్యాపారికి అంతకంటే కావలసినదేముంది?

పట్టిక పక్కన గోడకు ఒక డిప్లొమా ఫ్రేము ఉంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ 2003లో మొదలుపెట్టిన కోర్సు, విత్తనాలు ఎరువులు మందులు అమ్మేవాళ్ల కోసమే. నలభై ఎనిమిది వారాలు సాగుతుంది. నలభై తరగతులు, ఎనిమిది క్షేత్ర సందర్శనలు. కొట్టు మూసే రోజే తరగతి కాబట్టి వ్యాపారం ఆగదు. అదే ఏడాది జాతీయ నమూనా సర్వేలో, కొత్త సాగు సంగతులు మీకు ఎవరు చెబుతారని రైతులను అడిగితే, సాటి రైతుల తర్వాత ఎక్కువమంది చెప్పిన పేరు ఈ కొట్లవాళ్లదే. రైతు ఎలాగూ ముందు ఈ మెట్లే ఎక్కుతున్నప్పుడు, మెట్ల పైనున్న మనిషికి చదువు చెప్పడం కంటే సూటైన దారి ఏముంటుంది? ఇది పెద్ద ఎత్తున జరగాల్సిన పని, ఇంకా ముందే జరగాల్సిన పని.

ఈయన మాటల్లో ఆ డిప్లొమా చదువు అక్కడక్కడా వినిపిస్తుంది. కొట్టుకు వచ్చేముందు ముప్పై ఏళ్లు పొలం చేసిన చెయ్యి అంతకంటే ఎక్కువ వినిపిస్తుంది. ఇప్పటికీ మధ్యాహ్నాలు చేలల్లోకి వెళతాడు. లాం ఉద్యాన పరిశోధన స్థానంలో శాస్త్రవేత్తలు మిరప మీద సదస్సు పెడితే నోటు పుస్తకంతో వెళ్లి ముందు వరసలో కూర్చుంటాడు. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతను ఊడ్చేసినప్పుడు అప్పటిదాకా తెలిసినదంతా చాలకుండా పోయింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పురుగది. పాత తామర పురుగు చిగుళ్లలో ఉండేది, ఇది పూలల్లో చేరింది. భయంతో రైతులు రోజు మార్చి రోజు నాలుగైదు మందులు కలిపి కొట్టారు. ఎంత కొడితే అంత పెరిగింది. ఆ సీజన్లో చేతనైనంత అమ్ముకున్న కొట్లున్నాయి. ఈయన ఆ ఏడు తనకు తెలిసినది పక్కనపెట్టి, కొత్తగా చూడ్డం నేర్చుకున్నాడు. 'కొట్టడం తగ్గించండి, నీలి అట్టలు పెట్టండి, వేపనూనె, బవేరియా వాడండి, నత్రజని తగ్గించండి' అన్న శాస్త్రవేత్తల మాటనే బల్ల మీద తిరిగి తిరిగి చెప్పాడు. ఖరీదైన సీసా కోసం వచ్చినవాడికి ఆ మాట చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో, గల్లాపెట్టె ముందు కూర్చున్న ఎవరినైనా అడగండి.

పదకొండున్నరకు రద్దీ తగ్గింది. ఇప్పుడు అమ్మేవాడే కొనేవాడవుతాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న కంపెనీ అబ్బాయి టాబ్లెట్ తెరిచి స్కీము చదువుతున్నాడు. ఇన్ని పెట్టెలు తీసుకుంటే ఇంత తగ్గింపు, అన్ని పెట్టెలైతే దుబాయ్ టూరు. ముందున్న సీసా మీద నిగనిగలాడే మిరపకాయల బొమ్మ.

"ఇందులో ఏముందయ్యా?"

"సముద్రపు నాచు సారం ఉంటది సార్, ఇంకొన్ని పోషకాలు. పూత బాగా నిలుస్తది. మార్జిన్ కూడా చాలా ఎక్కువ."

"ఆ ఇంకొన్ని ఏంటి? ఎంత శాతం? ఏ పంట మీద, ఎక్కడ చూశారు?"

అబ్బాయి మళ్లీ స్కీము దగ్గరికే వెళతాడు. 2021 నుంచి ఇలాంటి జీవ ఉత్ప్రేరకాలు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి. కొట్టాయన ఆ అనుమతి కాగితం ఉందా అని అడుగుతాడు, అబ్బాయి తెచ్చి చూపిస్తానంటాడు. తెచ్చాకే మాట్లాడదామని కొట్టాయన టీ తెప్పిస్తాడు. కోపం లేదు. ఆ వయసులో నెలాఖరు టార్గెట్ మెడ మీద ఉంటే ఎవరికైనా సీసాలో ఏముందన్నది రెండో సంగతే అవుతుంది. అబ్బాయిని చూస్తే మీకు జాలి కలుగుతుంది. అతనికి స్కీము చెప్పి పంపినవాళ్లు మందు గురించి చెప్పి పంపలేదు.

కాసేపటికి వచ్చిన రెండో అతను వ్యవసాయ డిగ్రీ చదివినవాడు. సంచి దించకముందే, "పిడుగురాళ్ల వైపు పూతలో నల్ల తామర కనిపిస్తోందండీ, ఇక్కడెలా ఉంది?" అని అడుగుతాడు. ఇద్దరూ పావుగంట సరుకు ఊసెత్తకుండా చేల గురించే మాట్లాడుకుంటారు. తర్వాత తన మందు సంగతి చెబుతాడు. గ్రూపు 5. "ఒకే చేనుకు వెంటవెంటనే రెండోసారి ఇవ్వకండి. పూత మీద తేనెటీగలు తిరిగే పొద్దున అసలు కొట్టించొద్దు, సాయంత్రమే." తన సరుకును ఎక్కడ వాడకూడదో తనే చెప్పాడు. కొట్టాయన ఆర్డరు పుస్తకం తీస్తాడు. ఇద్దరు అమ్మకందార్లు, ఒకే బల్ల, గంట తేడా. రెండోవాడికి ఏ టూరూ చెప్పే అవసరం పడలేదు.

నాలుగింటికి కొట్టాయన బండి తీస్తాడు, మీరు వెనక కూర్చుంటారు. ఐదారు కిలోమీటర్లు, కాలవ గట్టు దాటి ఒక మిరప చేను. పొద్దున ఈ చేను రైతు ఫోన్‌లో ఒకటే కంగారు. చేనంతా వైరస్ పట్టిందని, పీకేయాలా అని. పంపిన ఫొటోలో ఆకులు సన్నగా పట్టీల్లా సాగి, మెలితిరిగి ఉన్నాయి. ఫొటో చూసి మందు చెప్పనని, వస్తానని కొట్టాయన అన్నాడు.

చేలోకి దిగి ఆయన ముందు ఆకును చూడడు. గట్టు మీద నిలబడి చేను మొత్తాన్ని చూస్తాడు. మీరూ చూడండి. ఈ మూలన, మోటారు దగ్గర, మొదటి సాళ్లు బాగా మెలితిరిగి ఉన్నాయి. పది సాళ్లు దాటాక తగ్గింది. అవతలి గట్టు దగ్గర మొక్కలు నిండుగా ఉన్నాయి.

"వైరస్ అయితే అక్కడో మొక్కా ఇక్కడో మొక్కా పట్టుద్ది. ఇట్టా సాళ్ల లెక్కన రాదు. మొదటి ట్యాంకు ఎక్కడ మొదలెట్టావ్?"

"ఇదిగో, ఈ మూలే."

"పంపు నీదేనా?"

రైతు కాసేపు ఆలోచిస్తాడు. తైవాన్ పంపు తనదే. మొన్న బావమరిది మొక్కజొన్నలో గడ్డిమందుకు పట్టుకెళ్లి తెచ్చిచ్చాడు. ఏ గడ్డిమందంటే ఫోన్ చేసి కనుక్కుంటాడు. 2,4-డి. మొక్కజొన్నను ఏమీ చెయ్యదు, వెడల్పాకు మొక్కల్ని మెలితిప్పేస్తుంది. మిరపకూ పత్తికీ దాని తడి తగిలినా చాలు. ట్యాంకు అడుగున, గొట్టంలో మిగిలినది మొదటి ట్యాంకుతో ఈ మూలన పడింది. ట్యాంకు ట్యాంకుకూ పలచబడుతూ పోయింది.

"మరిప్పుడు ఏం కొట్టమంటావ్ బాబాయ్?"

"ఏమీ కొట్టొద్దు. విరుగుడు మందంటూ లేదు. తడి ఇవ్వు, పది రోజులు చిగురు చూడు. కొత్త చిగురు మామూలుగా వస్తే మొక్క నిలబడ్డట్టే. ఈ నాలుగు సాళ్లు మాత్రం నమ్మకం లేదు. వైరస్ మందని ఎవరైనా సీసా అంటగడితే కొనబాక. గడ్డిమందుకు వేరే పంపు పెట్టుకో."

రైతు ముఖంలో భయం ఒక్కసారిగా దిగిపోవడం మీకు కనిపిస్తుంది. ఎకరాల మిరప మీద లక్షల్లో పెట్టుబడి ఉంది. ఇంకో ఇంట్లో ఈ రాత్రి చేనంతా పీకేసే నిర్ణయం జరిగి ఉండేది. కొట్టాయనకు ఈ రాకపోకల పెట్రోలు ఖర్చు తప్ప పైసా రాలేదు.

పక్క గట్టు మీద నుంచి పెద్దాయనొకరు చాలాసేపుగా ఇటే చూస్తున్నారు.

"అబ్బాయ్, మా చేలోకి కూడా ఒకసారి వచ్చి పో. పూత రాలుతోంది."

కొట్టాయన గట్టు దాటి వెళ్తాడు. జేబులోంచి తెల్లకాగితం తీసి ఒక పువ్వు కింద పట్టి, వేలితో రెండుసార్లు తడతాడు. సన్నటి నల్ల గీతల్లాంటివి కాగితం మీద పరుగెడతాయి. ఇంకో మొక్క, ఇంకో పువ్వు. ఇంకో సాలు. లెక్కపెట్టుకుంటూ పోతాడు.

"నల్ల తామర, మావా. ఇంకా మొదట్లోనే ఉంది. రేపు పొద్దున కొట్టుకు రా. ముందు నీలి అట్టలు పెడదాం."

"ఎకరానికెన్ని కావాలి?"

"ముప్పై దాకా. కొయ్యలు కొనబాక, నీ దగ్గర కందికట్టె ఉందిగా."